బస్రా ఆసుపత్రిలో మరణించిన శాపర్: వశిష్ఠ గట్టు మీది ఒక కుటుంబం కేసు

ఈ కేసు నా వద్దకు ఒక అభ్యంతరం రూపంలో వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లాలో వశిష్ఠ గట్టును ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో, సైన్యంలో పనిచేస్తూ ప్రాణాలు వదిలిన ఆ ఊరివాళ్ల పేర్లతో పంచాయతీ ఆవరణలో ఒక రాయి నిలపాలని పెద్దలు సంకల్పించారు. జాబితా తయారవుతుండగా మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన ఒకాయన పేరు దగ్గర మాట తెగలేదు. "ఆయన పోరులో పోలేదు కదా, జొరం తగిలి పోయాడంటారు, వీరుల పక్కన ఎలా చెక్కిస్తాం?" అని ఒకరు అడిగారు. కాదనడానికి గాని, ఔననడానికి గాని ఎవరి దగ్గరా ఆధారం లేదు. ఆయన మనవడు, ఎనభై దాటిన విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒక చేతిసంచిలో రెండు లోహపు బిళ్ళలు, ఒక మడత కాగితం వేసుకుని నా దగ్గరకు వచ్చారు. "డాక్టరు గారూ, రాయి మీద పేరుండాలని నేను పట్టుబట్టను. మా తాతగారికి అక్కడ ఏం జరిగిందో తెలిస్తే చాలు" అన్నారు.

సైన్య వైద్య విభాగంలో ఉద్యోగం చేసి విరమించాక, డెల్టా కుటుంబాల కోసం పాత సైనికుల వివరాలు వెతికిపెట్టడం నేను పనిగా పెట్టుకున్నాను. ఈ కేసును పూర్తిగా రాయడానికి కుటుంబం అనుమతి ఇచ్చింది. వ్యక్తుల పేర్లు, ఊరి పేరు మాత్రం రాయడం లేదు. ఆయనను శాపర్ అనే పిలుస్తాను, అది ఆయన హోదా కనుక; సైన్యపు ఇంజనీరు దళంలో సాధారణ సైనికుణ్ణి అలా అంటారు. నా నిర్ణయం ముందే చెబుతాను: ఈ శాపర్ యుద్ధంలోనే మరణించాడు. జబ్బు ఆయనను యుద్ధం నుంచి తప్పించలేదు. యుద్ధం నడిపిన తీరే ఆ జబ్బును తెచ్చింది. ఈ మాట అభిమానంతో అంటున్నది కాదు. ఏ ఆధారంతో అంటున్నానో కింద వివరిస్తాను.

కుటుంబం దగ్గర ఉన్నవి

ఇంట్లో ఒకప్పుడు ట్రంకుపెట్టె నిండా కాగితాలు ఉండేవట. 1986 ఆగస్టు వరదలో, ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవాహం వచ్చినప్పుడు, గట్టు తెగి ఆ ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. పెట్టెలోని ఉత్తరాలన్నీ ముద్దయిపోయాయి. పొలం పట్టాల కట్టతో పాటు అటక మీద ఉండడం వల్ల ఒక్క పింఛను కాగితం మిగిలింది. లోహపు బిళ్ళలు రెండూ దేవుడి గూట్లో ఉండడంతో బతికాయి.

ఒకటి కంచు ఫలకం. దాదాపు 12 సెంటీమీటర్ల వ్యాసం ఉంటుంది. త్రిశూలం పట్టిన బ్రిటానియా, ముందు సింహం, ఒక చదరపు గడిలో ఉబ్బెత్తు అక్షరాలతో మృతుడి పేరు. అంచు చుట్టూ, స్వేచ్ఛ కోసం, గౌరవం కోసం ఇతడు మరణించాడని ఇంగ్లీషులో ఉంటుంది. ఆ ఇంట్లో తరతరాలుగా దాన్ని 'రాణీగారి బిళ్ళ' అంటున్నారు. శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టడం, పండగలకు ఇత్తడి సామానుతో పాటు చింతపండుతో తోమడం వల్ల సింహం జూలు అరిగి నున్నబడింది, పేరులో చివరి రెండు అక్షరాలు చేతి వేలికి తప్ప కంటికి ఆనడం లేదు. గడిలో పసుపు గట్టిపడి గారగా పట్టి ఉంది. దాన్ని నేను తీయలేదు, తీయవద్దనే చెప్పాను. టార్చిలైటును పక్కవాటుగా వేస్తే అరిగిన అక్షరాల నీడ పడుతుంది, పేరు చదవడానికి అది చాలు.

ఈ ఫలకం గురించి ఒక సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. దీన్ని యుద్ధం నుంచి తిరిగి వచ్చినవాళ్లకు ఇవ్వలేదు. సేవలో మరణించినవాళ్ల కుటుంబాలకు మాత్రమే పంపారు. అందరి త్యాగమూ సమానమన్న ఉద్దేశంతో దాని మీద హోదా వేయలేదు, దళం పేరు వేయలేదు. తూటా తగిలి పోయిన జనరల్‌కూ, ఆసుపత్రి మంచం మీద పోయిన సిపాయికీ ఒకే కంచు, ఒకే వాక్యం. పంచాయతీలో లేచిన ప్రశ్నకు జవాబు నూరేళ్లుగా ఆ ఇంటి దేవుడి గూట్లోనే ఉందని మాస్టారికి చెప్పినప్పుడు ఆయన ఆ బిళ్ళను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

రెండోది వెండి పతకం, బ్రిటిష్ వార్ మెడల్. పరిశోధనకు అసలు తాళంచెవి ఇదే. మొదటి ప్రపంచ యుద్ధపు పతకాల అంచు మీద గ్రహీత నంబరు, హోదా, పేరు, దళం సన్నటి అక్షరాలతో అచ్చుగుద్ది ఉంటాయి. పైగా భారతీయుల్లో పోరాట దళాలవారికి వెండి పతకం, కూలి దళాలు మొదలైన అనుచర వర్గాలకు అదే పతకం కంచులో ఇచ్చారు కనుక, లోహం చూడగానే సగం సంగతి తెలుస్తుంది. ఈ పతకానికి పైనుండే కొక్కెం ఊడదీసి, ఎప్పుడో ఒక కంసాలి చిన్న రింగు టంకం పెట్టి అతికాడు. ఆ ఇంట పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి ఏడాది అది మెడలో కట్టేవారట. టంకం చారగా పారి అంచు మీదికి దిగడంతో నంబరులో రెండు అంకెలు దాని కింద మునిగిపోయాయి. మిగతా అంకెలు, 'శాపర్' అన్న హోదా, పేరు, 'రెండో క్వీన్ విక్టోరియాస్ ఓన్ శాపర్స్ అండ్ మైనర్స్' అన్న దళం పేరు పొడి అక్షరాల్లో స్పష్టంగా ఉన్నాయి. అంటే బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు శాపర్లు. వంతెనలు కట్టడం, గట్లు పోయడం, కందకాలు తవ్వడం, తీగలు పాతడం వీళ్ల పని. టంకాన్ని వేడిచేసి కరిగిద్దామని మాస్టారి మనవడు ఉత్సాహపడ్డాడు గాని నేను వారించాను. వేడికి వెండి మెత్తబడితే ఉన్న అక్షరాలకూ ముప్పే, పైగా ఆ రింగు కూడా ఈ కుటుంబ చరిత్రలో భాగమే.

పింఛను కాగితం శాపర్ భార్య పేర జారీ అయినది. ఆమెను ఇంట్లో అందరూ మామ్మ అనేవారు. 1960ల దాకా బతికింది. కాగితం మడతల దగ్గర చిరిగినా, భర్త 'యుద్ధ సేవలో సోకిన జబ్బు' వల్ల బస్రాలో (మెసపొటేమియా, అంటే నేటి ఇరాక్) మరణించినట్లు, ఆ జబ్బు రక్త విరేచనాలని, తేదీ 1916 జూలై 29 అని చదవగలిగాను. తగిలిన గాయంతో పోయినా, యుద్ధ సేవలో సోకిన జబ్బుతో పోయినా కుటుంబానికి పింఛను ఇచ్చిన ప్రభుత్వం, ఆ రెంటి మధ్య ఊళ్లో చూసినంత తేడా చూడలేదు.

జిల్లా తప్పనుకున్న వివరం

ఈ కుటుంబం కొన్నేళ్ల కిందటే, యుద్ధమృతుల సమాధులు, స్మారకాలు చూసే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వారి జాబితాలో వెతికింది. పేరు కలిసిన ఒక నమోదు కనిపించినా, అందులో 'కృష్ణా జిల్లా' అని ఉండడంతో 'మనది గోదావరి కదా' అని వదిలేశారు. డెల్టావాళ్ల కేసుల్లో ఇది పదేపదే ఎదురయ్యే చిక్కు. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, ఎర్నగూడెం, నగరం లంక మినహా నరసాపురం తాలూకాలను గోదావరి జిల్లా నుంచి తీసి కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడే వరకూ అవి అక్కడే ఉన్నాయి. కాబట్టి 1914-18 మధ్య సైన్యంలో చేరిన నరసాపురం తాలూకా మనిషి కాగితాల్లో కృష్ణా జిల్లావాడే అవుతాడు; అదే ఏట వశిష్ఠకు ఆవలి గట్టున అమలాపురం తాలూకాలో చేరినవాడు గోదావరి జిల్లావాడు అవుతాడు. 2022లో జిల్లాలు మళ్లీ విడిపోయాయి కనుక, ఈ రోజు కుటుంబం చెప్పే జిల్లా పేరుతో నూరేళ్ల కిందటి జాబితాలో వెతకడం మొదలుపెడితే నష్టమే. తాలూకా పేరుతో వెతకాలి. ఇంగ్లీషులో దాన్ని ఎన్ని రకాలుగా రాసే వీలుందో ముందే రాసి పెట్టుకోవాలి.

పేరు విషయంలోనూ ఇలాంటిదే. నమోదులో ఇంటిపేరు లేదు. మనిషి పేరు ఒక్కటే ఉంది, అదీ చివర మార్పుతో. మన పేర్లు ఎరగని గుమాస్తా విన్నది విన్నట్టు రాసుకున్నాడు, అంతే. అయితే తండ్రి పేరు, ఊరి పేరు, తాలూకా మూడూ కుటుంబం చెప్పినవాటితో సరిపోయాయి. మరణ తేదీ పింఛను కాగితంలోని తేదీతో కలిసింది. పతకం అంచు మీద కనిపిస్తున్న అంకెలు నమోదులోని నంబరులో అవే స్థానాల్లో ఉన్నాయి. ఇన్ని కలిశాక టంకం కింద దాగిన రెండు అంకెల కోసం పతకాన్ని చెడగొట్టాల్సిన అవసరం ఎంతమాత్రం లేదు.

బస్రాలో ఆ వేసవి

భారత సైన్యంలోని 'డి' దళం 1914 నవంబరు 6న ఫావ్ వద్ద దిగి, అదే నెల 22న బస్రాను పట్టుకుంది. ఏడాది గడిచేసరికి టైగ్రిస్ నది వెంట ఎగువకు, బాగ్దాదు వైపు, సరఫరాలకు అందనంత దూరం వెళ్లిపోయింది. 1915 నవంబరులో టెసిఫాన్ వద్ద తుర్కుల చేతిలో దెబ్బతిని వెనక్కి వచ్చిన సేన కూట్ పట్టణంలో ముట్టడికి చిక్కి, 1916 ఏప్రిల్ 29న లొంగిపోయింది. చెరపడినవారు దాదాపు 13,000 మంది. వాళ్లను విడిపించడానికి వెళ్లిన సేనలో సుమారు 23,000 మంది మరణించడమో గాయపడడమో జరిగింది. మన శాపర్ ఆ ఏడాది మొదట్లో బస్రా చేరినట్లు మామ్మకు వచ్చిన ఉత్తరాల గురించి ఇంట్లో చెప్పుకునేదాన్ని బట్టి అనుకోవచ్చు. డెల్టాలో కాలువ గట్ల మీద పెరిగినవాడు అక్కడ టైగ్రిస్ వరదకు గట్లు పోసే పనిలో పడ్డాడు.

బస్రాకు అప్పట్లో సరైన రేవు లేదు. సరుకు ఓడలు షట్ అల్ అరబ్ నదిలో దింపుడు కోసం వారాల తరబడి నిలిచేవి. ఎగువకు వెళ్లడానికి రైలు లేదు, రోడ్డు లేదు, నది పడవలు చాలవు. ఉన్న పడవల్లో తూటాలు పోతే తిండి పోదు, తిండి పోతే మందులు పోవు. టెసిఫాన్ క్షతగాత్రులను బస్రాకు తెచ్చిన స్టీమరు ఏ స్థితిలో వచ్చిందో ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన మేజర్ కార్టర్ కళ్లారా చూసి చెప్పాడు. దూరం నుంచి ఓడ పక్కల తాళ్లు వేలాడుతున్నట్టు అనిపించిందట. దగ్గరికి వచ్చాక చూస్తే అవి రక్త విరేచనాల రోగుల మలం కారి ఎండి కట్టిన చారలు. ఆ నిజం చెప్పినందుకు పై అధికారులు ఆయననే బెదిరించారు. ఒక వైద్యుడిగా నాకు ఈ మొత్తం యుద్ధంలో అన్నిటికన్నా మనసులో నిలిచిపోయిన సాక్ష్యం అదే. చివరకు మెసపొటేమియా కమిషన్ విచారణ జరిపి, 1917లో నివేదిక ఇచ్చింది. దాని దెబ్బకు ఇండియా వ్యవహారాల మంత్రి ఆస్టిన్ చాంబర్లేన్ రాజీనామా చేశాడు. వైద్యం, సరఫరా రెండూ కుప్పకూలాయని తేల్చింది సామ్రాజ్యం తనంతట తానే నియమించుకున్న సంఘమని మరవరాదు.

పాత గాటు తిరగబెట్టడం

ఇక ఈ కేసులో ముఖ్యమైన వైద్య విషయానికి వస్తాను. మూడోసారి మాట్లాడుకుంటున్నప్పుడు గాని మాస్టారు ఒక సంగతి బయటపెట్టలేదు. శాపర్‌తో పాటు పనిచేసిన ఒక పొరుగూరి మనిషి యుద్ధం ముగిశాక తిరిగివచ్చి మామ్మకు చెప్పిన మాటలివి: కాళ్లు నీరు పట్టాయి, చిగుళ్లు వాచి నెత్తురు కారేది, ఒంటి మీద నల్లమచ్చలు లేచాయి, చిన్నప్పుడు వరికోతల్లో మోకాటి కింద కొడవలి తెగి ఎప్పుడో మానిపోయిన గాటు మళ్లీ పచ్చిదై విచ్చుకుంది. ఈ చివరి మాట బంధువుల చెవిన పడి, అది 'పెద్దరోగం', అంటే కుష్ఠు, అన్న అనుమానంగా మారింది. ఆ అనుమానం వల్ల ఒక ఆడపిల్ల సంబంధం తప్పిపోయిందట. అప్పటి నుంచి ఆ ఇంట్లో తాతగారి చావు గురించి ఎవరడిగినా 'జొరం' అన్న ఒక్క మాటతో సరిపెట్టడం అలవాటైంది. పంచాయతీలో వినిపించిన జొరం కథ మూలం ఇది.

మానిన గాటు తిరగబెట్టడం కుష్ఠు లక్షణం కాదు. అది స్కర్వీ లక్షణం, దాదాపు దాని సంతకం అనదగినంత ప్రత్యేకమైన లక్షణం. మానిన మచ్చను కలిపి ఉంచే కొల్లాజెన్ అనే పదార్థాన్ని శరీరం ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేసుకుంటూనే ఉండాలి. దానికి విటమిన్ సి తప్పనిసరి. నెలల తరబడి అది అందకపోతే చిగుళ్లు నెత్తురోడుతాయి, చర్మం కింద రక్తం చిమ్మి మచ్చలు పడతాయి, కాళ్లు వాస్తాయి, ఏళ్ల కిందట మానిన గాయం సైతం విడిపోతుంది. వైద్యం చదవని ఒక పల్లెటూరి సైనికుడు ఈ నాలుగింటినీ కలిపి కల్పించి చెప్పే అవకాశం లేదు. చూసినదే చెప్పాడు. చిన్ననాటి ఆ గాటును మామ్మ చూసి ఎరుగును కనుక, ఆమెకు కూడా అది అబద్ధంగా తోచలేదు.

కాళ్ల వాపు ఒక్కటే ఉంటే నేను మొదట, తవుడులోని సారం అందక వచ్చే బెరిబెరిని అనుమానించేవాణ్ణి. మన ఉత్తర సర్కారు జిల్లాల్లో అది కొత్త జబ్బు కాదు. 1835లోనే మద్రాసు సైన్యపు సర్జన్ మాల్కమ్‌సన్ ఈ ప్రాంతపు బెరిబెరి మీద విపులంగా రాశాడు. తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం తింటారు కనుక తవుడులోని సారం కొంత గింజలోనే నిలుస్తుంది. మన డెల్టాలో పచ్చి బియ్యం, అదీ మరపట్టించి తెల్లగా చేసినది తినడం వల్ల ఆ సారం పోతుంది. కూనూరులో పోషకాహార శాస్త్రవేత్త మెక్‌కారిసన్ వంటివారి పరిశోధనలు తర్వాత దీన్ని నిగ్గుతేల్చాయి. అయితే బెరిబెరిలో చిగుళ్లు కారవు, మచ్చలు విచ్చుకోవు. మెసపొటేమియాలో సైనిక వైద్యులు గమనించిన తేడా కూడా ఇక్కడ పనికివస్తుంది: తెల్ల రొట్టె, డబ్బా మాంసం తిన్న బ్రిటిష్ సైనికులకు బెరిబెరి వచ్చింది; గోధుమపిండి, పప్పు తిన్న భారతీయులకు అది రాలేదు గాని తాజా కూరలు, పండ్లు లేక స్కర్వీ వచ్చింది. 1916లో వేల మంది భారతీయ సైనికులు స్కర్వీతో ఆసుపత్రి పాలయ్యారు. శాపర్ చనిపోయింది సరిగ్గా ఆ కాలంలోనే.

మన వంటింటికి చాలా దగ్గరి విషయం ఒకటి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. భారతీయ సైనికులకు తాజా పండ్లకు బదులుగా చింతపండు, ఆమ్‌చూర్ వంటి ఎండు పులుపు ఇస్తే స్కర్వీ ఆగుతుందా అన్న ప్రశ్న అప్పట్లో గట్టిగా వచ్చింది. లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో హారియట్ చిక్ బృందం వాటిని పరీక్షించి 1919లో ఫలితాలు ప్రకటించింది: తాజా రసంతో పోలిస్తే వాటి శక్తి చాలా తక్కువ. పులుపు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఈ బృందమే మొలకెత్తిన పప్పుల గుణాన్ని కూడా పరీక్షించి చూపింది. శనగలను తడిగుడ్డలో కట్టి మొలకెత్తిస్తే చాలు, ఓడలో పండ్లు తేవాల్సిన పనిలేదు. 1917 నుంచి అక్కడి సైన్యం తోటలు వేసి కూరగాయలు పండించింది, సరఫరా చక్కబడింది, స్కర్వీ తగ్గింది. అంటే ఆపదగిన జబ్బే. ఆ చక్కబాటు ఒక్క ఏడాది ముందు జరిగి ఉంటే ఈ శాపర్ తన రెండేళ్ల కొడుకును చూసుకోవడానికి తిరిగివచ్చి ఉండేవాడని నేను బలంగా నమ్ముతున్నాను.

మరి పింఛను కాగితంలో రక్త విరేచనాలని ఉంది కదా? రెండూ నిజమేనని నా అభిప్రాయం. స్కర్వీతో క్షీణించిన ఒంటికి ఆ ఎండలో, శుద్ధి లేని నది నీటితో, ఈగల మధ్య విరేచనాలు పట్టుకుంటే తట్టుకునే సత్తువ ఉండదు. ఆసుపత్రి గుమాస్తా చివరి జబ్బును రాస్తాడు. లోపలి జబ్బు కాగితం ఎక్కదు. నా నివేదికలో ఇలా రాశాను: మరణానికి తక్షణ కారణం రక్త విరేచనాలు, ఇది పత్రం ఆధారంగా స్థిరం, వెనకనున్న కారణం స్కర్వీ, ఇది తోటి సైనికుడి వాఙ్మూలం ఆధారంగా మిక్కిలి సంభావ్యం, కుష్ఠు అన్నది పూర్తిగా నిరాధారం. మూడో వాక్యాన్ని పెద్ద అక్షరాలతో టైపు చేయించమని మాస్టారి కూతురు అడిగింది. చేయించాను.

జబ్బుతో పోయినవారి లెక్క

మెసపొటేమియా దండయాత్రలో జబ్బులతో మరణించినవారు 12,000కు పైగా ఉన్నారు. రణరంగంలో నేరుగా చనిపోయినవారి సంఖ్యకు ఇది తీసిపోదు. పెద్ద అధికారులను సైతం జబ్బు వదలలేదు. కూట్‌ను ముట్టడించిన తుర్కు సేనలను నడిపిన జర్మన్ ఫీల్డ్ మార్షల్ ఫాన్ డెర్ గోల్జ్ 1916 ఏప్రిల్ 19న బాగ్దాదులో టైఫస్‌తో మరణించాడు. 1917 మార్చిలో బాగ్దాదును పట్టుకున్న బ్రిటిష్ సేనాపతి జనరల్ మాడ్ అదే ఏడాది నవంబరు 18న అదే నగరంలో కలరాతో కన్నుమూశాడు. మాడ్ యుద్ధంలో పోలేదని ఎవరూ అనలేదు. అతని సమాధి బాగ్దాదు నార్త్ గేట్ సైనిక శ్మశానంలో ఉంది. పంచాయతీ పెద్దల ముందు నేను ఈ ఉదాహరణే చెప్పాను. కలరాతో పోయిన సేనాపతికి వర్తించిన న్యాయం, విరేచనాలతో పోయిన శాపర్‌కు ఎందుకు వర్తించకూడదో ఎవరూ చెప్పలేదు.

నియమం కూడా అదే చెబుతుంది. వార్ గ్రేవ్స్ కమిషన్ వారు మొదటి ప్రపంచ యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు గడువు పెట్టుకున్నారు. ఆ గడువులో సైనిక సేవలో ఉండగా మరణించినవాడు ఏ కారణంతో మరణించినా స్మరణకు అర్హుడే. తూటా, జబ్బు, నీళ్లలో మునగడం, ప్రమాదం అన్న తేడా లేదు.

సమాధి గురించి కుటుంబం అడిగినప్పుడు చెప్పవలసివచ్చిన జవాబు కష్టమైనది. హిందువు కనుక దహనం చేసి ఉంటారు, సమాధి ఉండదు. ఆయన పేరు బస్రా స్మారకం కింద నమోదై ఉంది. మెసపొటేమియాలో 1914 నుంచి 1921 ఆగస్టు చివరి దాకా చనిపోయి, సమాధి జాడ తెలియని 40,500 మందికి పైగా సైనికులకు ఆ కట్టడం 1929లో వెలసింది. వారిలో అత్యధికులు భారతీయులే. అయినా బ్రిటిష్ సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు రాతి మీద చెక్కి, సాధారణ భారతీయ సైనికులను మాత్రం దళం పేరు కింద ఒక సంఖ్యగా చూపారు. పేర్లు పుస్తకంలోకి పోయాయి. అమారాలోని ఎడమ గట్టు భారతీయ సైనిక శ్మశానంలో దాదాపు 5,000 మంది ఉంటే, గుర్తు తెలిసినవారు 9 మంది. 2021లో కమిషన్ తన సొంత విచారణ నివేదికలో ఈ వివక్షను ఒప్పుకుంది. 45,000 నుంచి 54,000 మంది దాకా ఆసియా, ఆఫ్రికా సైనికులను తోటివారితో సమానంగా స్మరించలేదని అంచనా వేసి క్షమాపణ చెప్పింది. బస్రా స్మారకాన్ని 1997లో సద్దాం హుస్సేన్ ప్రభుత్వం మొదటి చోటు నుంచి తీసి నాసిరియా దారిలో 32 కిలోమీటర్ల అవతల మళ్లీ నిలబెట్టింది. ఢిల్లీలోని ఇండియా గేట్ మీద తాతగారి పేరు కోసం మాస్టారు ఒకసారి వెతికి నిరాశపడ్డారట. అక్కడ చెక్కినవి 13,000కు పైగా పేర్లు. అవి ఎక్కువగా వాయవ్య సరిహద్దులో, ఆఫ్ఘన్ యుద్ధంలో పోయినవారివి. బస్రాలో పోయినవాడు అక్కడ కనిపించకపోవడం సహజం.

ఇన్నేళ్లుగా తిథి తెలియక ఈ కుటుంబం మహాలయ అమావాస్య నాడు శాపర్‌కు పిండం పెడుతూ వచ్చింది. ఇప్పుడు తేదీ దొరికింది కనుక తిథి చెప్పమని అడిగారు. 1916 జూలై 29 శనివారం. నల నామ సంవత్సరం, ఆషాఢ బహుళం. ఆ రోజు సూర్యోదయ ప్రాంతంలో చతుర్దశి ముగిసి అమావాస్య ప్రవేశించింది. ప్రాణం పోయిన వేళ కాగితంలో లేదు. తెల్లవారకముందే పోయి ఉంటే చతుర్దశి, తర్వాత అయితే అమావాస్య అవుతుందని పురోహితుల వారికి వివరంగా రాసి ఇచ్చాను. పగలు, రాత్రి కలిపి ఎక్కువ భాగం అమావాస్యే కనుక ఆయన చుక్కల అమావాస్యను నిర్ణయించారు. ఈ విషయంలో నా పని పంచాంగం లెక్క అందించడం వరకే.

నివేదిక చేతికందాక పంచాయతీలో మళ్లీ కూర్చున్నారు. అభ్యంతరం చెప్పినాయనే లేచి, జాబితాలో 'మరణ కారణం' అన్న గడినే తీసేయమన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దున మలేరియాతో పోయిన తన పెదనాన్నను కూడా అదే గడి వల్ల జాబితాకు ఎక్కించలేదని అప్పుడు తెలిసింది. ఆయన పేరూ చేర్చారు. పేర్లు మరణించిన తేదీల వరుసలో ఉంటాయి; ప్రతి పేరు పక్కన హోదా, దళం, మరణించిన చోటు మాత్రమే చెక్కుతారు. శాపర్ ఇంటిపేరు చేర్చి, పేరు సరిచేయమని కోరుతూ, పింఛను కాగితం, పతకం అంచు, ఫలకం ఫోటోలు జతచేసి కుటుంబం తరఫున కమిషన్‌కు దరఖాస్తు పంపాను. బర్మాలో పోయినాయన కాగితాలు వచ్చే వారం తెస్తామన్నారు.